ఎండింగ్ తెలిస్తే ఏంటి?

ఈ నెలలో ఒకే ఫార్వర్డ్ నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది, ఒకటి స్కూల్ బ్యాచ్‌ది, ఒకటి చుట్టాలది, మూడోది మా అపార్ట్‌మెంట్ గ్రూపు. ఇప్పటి అమ్మాయిలు చదివే ఇంగ్లీష్ రొమాన్స్ నవలలు, టీనేజీ వాళ్ళ కోసం రాసే యంగ్ అడల్ట్ నవలల మీద. అందులో ఉన్న మాటలు క్లుప్తంగా ఇవి. అన్నీ ఒకటే కథ, చివర్లో కలుస్తారని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది, ఇంక చదవడం దేనికి. కొట్టే మగాళ్ళని హీరోల్ని చేసి ఆడపిల్లల బుర్రలు పాడు చేస్తున్నాయి. ఇవి చదివేవాళ్ళు కలల్లో బతుకుతారు, నిజాన్ని తట్టుకోలేరు. యంగ్ అడల్ట్ అంటే పిల్లల పుస్తకాలు, ముప్ఫై దాటినవాళ్ళు చదవడం సిగ్గుచేటు. రాసేవాళ్ళకి అసలు రాయడమే రాదు. ఆఖర్న, ఇది మన అలవాటే కాదు, బయట నుంచి అంటుకున్న జబ్బు.

కింద చప్పట్ల ఎమోజీలు పెట్టినవాళ్ళలో ఒక్కళ్ళు కూడా ఒక్క పుస్తకం పేరు చెప్పలేదు. నేను పదేళ్ళుగా ఇవి చదువుతున్నా, నచ్చనివి కూడా బోలెడున్నాయి, అందుకే పేర్లతో సహా చెప్తా.

మొదటి మాట, ఎండింగ్ తెలిసిపోతుందని. అవును, తెలిసిపోతుంది. రొమాన్స్ అని అట్ట మీద వేసి అమ్మే పుస్తకంలో ఇద్దరూ బాగుంటారన్నది రాసేవాళ్ళు చదివేవాళ్ళకి ఇచ్చే మాట. డిటెక్టివ్ నవల తీసుకుంటే హంతకుడు దొరుకుతాడని మనకి తెలీదా? రామాయణం కట్టె కొట్టె తెచ్చె అని మూడు ముక్కల్లో చెప్పేస్తాం, అయినా ప్రతి శ్రీరామనవమికి భద్రాచలంలో కళ్యాణం చూడ్డానికి జనం ఎండలో నిలబడతారు, సీతమ్మ మెడలో తాళి పడుతుందో లేదో అన్న డౌటుతో ఎవరూ వెళ్ళరు కదా.

ఎండింగ్ ముందే తెలియడం వల్ల ఏం జరుగుతుందో నాకు మా నాన్న పోయిన ఏడాది అర్థమైంది. ఆరు నెలలు ఏ పుస్తకం పట్టుకున్నా పది పేజీలు దాటలేదు, ఎక్కడ ఎవరు చచ్చిపోతారో అని భయం, మూసేసేదాన్ని. అప్పుడు ఎమిలీ హెన్రీ రాసిన బీచ్ రీడ్ చదివా, 2020లో వచ్చింది. పేరు చూసి సరదా పుస్తకం అనుకున్నా. అందులో జాన్యురీ అనే అమ్మాయి రొమాన్స్ నవలలు రాస్తుంది, అమ్మానాన్నల కాపురాన్ని చూసే ప్రేమని నమ్మింది. తీరా నాన్న పోయాక అంత్యక్రియల్లో ఒకావిడ వచ్చి చేతిలో ఒక ఇంటి తాళంచెవి, ఒక ఉత్తరం పెడుతుంది, నాన్నకి ఇంకో బతుకు ఉందని అప్పుడు తెలుస్తుంది. ఇక అతని మీద ఏడవాలా, కోప్పడాలా? ఆ ఉత్తరాన్ని చింపలేక, చదవలేక, పుస్తకంలో చాలా దూరం దాన్ని అలాగే ఉంచుకుంటుంది. మా నాన్న ఫోన్ బీరువాలో పెట్టి నేను కూడా అంతే, ఛార్జింగ్ పెట్టి ఆన్ చేయడానికి నాకు ఏడాది పట్టింది. ఆ అమ్మాయి ఉత్తరం తెరవకుండా తిరుగుతున్న పేజీలన్నీ నేను చదవగలిగానంటే, చివరికి ఈమెకి బాగవుతుంది అన్న మాట రచయిత్రి ముందే ఇచ్చింది కాబట్టి. ఆ భరోసా లేకపోతే అంత దుఃఖాన్ని నేను ఆ టైంలో ముట్టుకునేదాన్నే కాదు. పక్కింట్లో ఉండే అబ్బాయితో ప్రేమ కూడా బాగుంటుంది, ఇద్దరూ రచయితలే, పందెం వేసుకుని ఒకళ్ళు రాసే రకం కథ ఇంకొకళ్ళు రాయడానికి ఒప్పుకుంటారు, ఇతను రాసేవన్నీ చావులతో ముగిసే సీరియస్ నవలలు.

అన్నీ ఒకటే కథ అన్నారు కదా, అదే రచయిత్రి 2022లో రాసిన బుక్ లవర్స్ చూడండి. పల్లెటూరి ప్రేమకథల్లో హీరో వదిలేసే సిటీ అమ్మాయి ఒకతి ఉంటుంది, ఎప్పుడూ ఫోనూ, పనీ, హైహీల్సూ, ఆవిడని వదిలేసి హీరో పల్లెలో సెటిలైపోతాడు. ఈ నవల ఆ వదిలేసిన అమ్మాయి కథ. అది కూడా సగం ప్రేమకథ, సగం అక్కాచెల్లెళ్ళ కథ. నాకైతే అక్కాచెల్లెళ్ళ సగమే ఎక్కువ గుర్తుండిపోయింది.

రెండో మాట సీరియస్ మాట, అందుకని దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటా. కొట్టే మగాడిని హీరోగా చూపిస్తారు అన్నదానికి అందరూ చూపించేది కొలీన్ హూవర్ రాసిన ఇట్ ఎండ్స్ విత్ అస్. 2016లో వచ్చిన పుస్తకం, నాలుగైదేళ్ళ తర్వాత టిక్‌టాక్ వీడియోల వల్ల మళ్ళీ లేచింది, 2024లో సినిమా కూడా వచ్చింది. దీన్ని తిట్టేవాళ్ళు మొదటి సగం చదివి ఆపేశారేమో అనిపిస్తుంది నాకు. ఆ మొదటి దెబ్బ సీన్ చూడండి. హీరోయిన్ లిలీ, ఆమె ప్రేమించే రైల్ అనే అబ్బాయి వైన్ తాగి నవ్వుకుంటూ ఉంటారు, అతను వేడి గిన్నెని ఓవెన్‌లోంచి ఉత్త చేత్తో తీస్తాడు, చెయ్యి కాలుతుంది, లిలీకి నవ్వొస్తుంది, మరుక్షణం అతను తోస్తే ఆమె వెళ్ళి కింద పడుతుంది. వెంటనే ఏడుస్తాడు, సారీ చెప్తాడు, సర్జన్ కదా, చెయ్యి కాలితే కంగారు పడ్డాడు అని మనం కూడా అనుకుంటాం. నేను అనుకున్నా! కొట్టినవాడిని మొదటిసారి క్షమించేసింది లిలీ ఒక్కతే కాదు, చదివే నేను కూడా. రెండోసారికి, మూడోసారికి నాకు చెమటలు పట్టాయి, నేను ఎంత ఈజీగా సర్దుకుపోయానో చూసుకుని. "ఒక్క దెబ్బకే కాపురం వదులుకుంటావా" అని మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు విన్నాం, ఆ మాట మన లోపల కూడా కూర్చునుంటుందని ఈ పుస్తకం చూపించింది నాకు.

ముగింపు ఏంటో కూడా చెప్పేస్తా, ఎందుకంటే వాదన అంతా దాని మీదే నిలబడింది. బిడ్డ పుట్టాక ఆస్పత్రిలో, ఆ పాప అతని చేతుల్లో ఉండగానే లిలీ అడుగుతుంది, ఈ పిల్ల పెద్దయ్యి ఒకరోజు వచ్చి నన్ను ప్రేమించినవాడు నన్ను కొట్టాడు నాన్నా అంటే నువ్వేం చెప్తావు అని. వదిలేసి వచ్చేయమని బతిమాలతాను అని అతని నోటితోనే వస్తుంది. ఆమె విడాకులు అడుగుతుంది. రచయిత్రి తన తల్లి జీవితం నుంచి తీసుకుని రాసిన కథ ఇది. ఇందులో కొట్టడాన్ని గొప్ప చేసింది ఎక్కడ?

అలాగని ఫార్వర్డ్‌లో ఉన్నదంతా అబద్ధం అనను. ఇదే పుస్తకానికి రంగులు వేసుకునే పుస్తకం తెస్తామని 2023 మొదట్లో ప్రకటిస్తే పాఠకులే మండిపడ్డారు, దెబ్బలు తిన్న ఆడదాని కథకి క్రేయాన్లా అని, దాంతో వెనక్కి తీసుకున్నారు. అది నూటికి నూరు శాతం తప్పే. అనుమానాన్ని, వెంటపడడాన్ని, ఫోన్ లాక్కోవడాన్ని ప్రేమ అని చూపించే నవలలు కూడా ఉన్నాయి, పదిహేనేళ్ళ పిల్ల చేతిలో అలాంటిది చూస్తే నేను పక్కన కూర్చుని మాట్లాడతా. కానీ వెంటపడే హీరోని నలభై ఏళ్ళుగా తెర మీద చూసి ఈలలేసిన మనం ఆడపిల్లల పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బుర్రలు పాడైపోతాయని గాభరా పడడం నాకు న్యాయంగా లేదు.

కలల్లో బతుకుతారు అన్నది మూడోది. ద లవ్ హైపోథెసిస్ అని 2021లో వచ్చింది, అలీ హేజిల్‌వుడ్ రాసింది, ఆవిడ స్వయంగా న్యూరోసైన్స్ చదివిన మనిషి. ఊరికే ప్రేమిస్తున్నట్టు నటించే జంట కథ, ఆ ఫేక్ డేటింగ్ వందసార్లు వచ్చిందే, ఒప్పుకుంటా. కానీ హీరోయిన్ ఆలివ్ స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ మూడో ఏడాది, పాంక్రియాస్ క్యాన్సర్ మీద పని, ల్యాబ్‌లో చోటు కోసం పెద్ద ప్రొఫెసర్లకి మెయిల్స్ పెట్టుకుంటూ తిరుగుతుంది. బోస్టన్ కాన్ఫరెన్స్‌లో, ఆమెకి ల్యాబ్ ఇస్తానన్న ప్రొఫెసరే మీదికి వస్తాడు, కాదంటే నీ పని అంత గొప్పదేం కాదంటాడు, నువ్వు చెప్తే ఎవరూ నమ్మరంటాడు. తన టాక్ రికార్డ్ చేసుకోవడానికి పెట్టిన ఫోన్ ఆగకుండా నడుస్తూనే ఉండడం వల్ల ఆమె దగ్గర సాక్ష్యం మిగులుతుంది.

మా పిన్ని కూతురు ఒక పెద్ద సంస్థలో రీసెర్చ్ చేసింది. ఈ పుస్తకం నేనే ఇచ్చా, నవ్వుకుంటావే అని. రెండు రోజుల తర్వాత రాత్రి పదకొండుకి ఫోన్ చేసి "అక్కా, ఆ మాటలు మా గైడ్ మాటలే, అచ్చం అవే" అంది. రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదది, మా పిన్నికి కూడా. నిజాన్ని తట్టుకోలేని పిల్లా అది? నిజాన్ని ఒక్కతే మోసుకుంటూ తిరిగిన పిల్ల, ప్రేమకథలో ఆ సీన్ చదివాక నోరు విప్పింది. హెలెన్ హోయాంగ్ అని ఇంకొకావిడ, పెద్దయ్యాక తనకి ఆటిజం ఉందని తెలుసుకుని, 2018లో ఆటిజం ఉన్న అమ్మాయినే హీరోయిన్‌గా పెట్టి ద కిస్ కోషంట్ రాసింది. కలలు కనడం అంటే ఇదైతే కననివ్వండి.

యంగ్ అడల్ట్ పిల్లల పుస్తకాలు అన్నవాళ్ళు జాన్ గ్రీన్ 2017లో రాసిన టర్టిల్స్ ఆల్ ద వే డౌన్ ఒక్క ముప్ఫై పేజీలు చదవండి చాలు. పదహారేళ్ళ ఏజా తన వేలి మీద కాయగట్టిన చోట గోరుతో నొక్కి నొక్కి పుండు చేసుకుంటుంది, బ్యాండేజ్ మారుస్తుంది, ఇన్ఫెక్షన్ వచ్చిందేమో అని మళ్ళీ విప్పి చూస్తుంది, ఒక దశలో చేతులకి రాసుకునే శానిటైజర్ తాగుతుంది. ఆ రచయితకే ఓసీడీ ఉంది, అంటే వద్దన్నా వదలని ఆలోచనలతో చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు. చివర్లో ఏజాకి నయమైపోదు, ప్రేమ వచ్చి జబ్బు తీసుకుపోదు, ఆమె ప్రేమించిన అబ్బాయి కూడా వెళ్ళిపోతాడు. చాదస్తం, శుభ్రం పిచ్చి అని మనం నవ్వుకునే జబ్బు లోపల నుంచి ఎలా ఉంటుందో నాకు ముప్ఫై మూడేళ్ళకి ఒక "పిల్లల పుస్తకం" చెప్పింది. ఆంజీ థామస్ ద హేట్ యు గివ్‌లో స్టార్ అనే పదహారేళ్ళ అమ్మాయి తన చిన్ననాటి స్నేహితుడిని పోలీసు కాల్చి చంపడం పక్కనే ఉండి చూస్తుంది. సబా తాహిర్ ఆల్ మై రేజ్, కాలిఫోర్నియా ఎడారిలో ఒక పాత మోటెల్ నడుపుకునే పాకిస్తానీ కుటుంబం, తల్లి జబ్బు, తండ్రి తాగుడు, 2022లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు వచ్చింది యువపాఠకుల విభాగంలో. ఇవి చదివితే సిగ్గుపడాలా?

రాయడం రాదు అన్నదానికి ఎక్కువ చెప్పను. కొందరికి నిజంగానే రాదు, ఎడిటింగ్ సరిగ్గా లేని పుస్తకాలు నేనే డబ్బు పెట్టి కొని సగంలో వదిలేశా. ఫోర్త్ వింగ్ అనే నవల రెండు రాత్రుల్లో చదివేశా, ఎముకలు త్వరగా విరిగే, కీళ్ళు జారే అమ్మాయి డ్రాగన్ ఎక్కడం నాకు బాగా నచ్చింది, దాని రెండో భాగం ఐరన్ ఫ్లేమ్ మాత్రం లాగి లాగి వదిలారు. సీరియస్ సాహిత్యంలో మాత్రం చెత్త లేదా, దానికి ఎవరూ మొత్తం సాహిత్యాన్ని తిట్టరు కదా.

ఇక మన అలవాటు కాదన్న మాట. ఇది రాసినవాళ్ళ ఇంట్లో అమ్మో అమ్మమ్మో వారపత్రికలు చదవలేదా? యద్దనపూడి సులోచనారాణి గారి సీరియల్స్ కోసం వారమంతా ఎదురుచూసిన తరం కదా వాళ్ళది. సెక్రటరీ చదివారు, 1976లో నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సినిమాగా వస్తే మళ్ళీ చూశారు. జీవన తరంగాలు, మీనా, రెండూ 1973లో సినిమాలయ్యాయి. కారున్న ఆరడుగుల హీరో, ఆత్మాభిమానం ఉన్న మధ్యతరగతి అమ్మాయి, అప్పుడు కూడా ఆడవాళ్ళు పగటికలలు కంటున్నారనే అన్నారు. ఉద్యోగానికి వెళ్ళే అమ్మాయి హీరోయిన్ అవ్వడం, ఎవరికీ తల వంచకుండా మాట్లాడడం అప్పుడు ఎంత కొత్తో ఎవరూ అడగలేదు. సంధ్యా మీనన్ 2017లో రాసిన వెన్ డింపుల్ మెట్ రిషి చూస్తే అది మన పెళ్ళిచూపుల కథే, అమెరికాలో పెరిగిన పిల్లలు, పెద్దవాళ్ళు లోపల్లోపల సంబంధం అనుకుని ఇద్దర్నీ ఒకే కోడింగ్ క్యాంపుకి పంపిస్తారు, అమ్మాయికి మాత్రం ఆ సంగతి తెలీదు, అబ్బాయి నవ్వుతూ వచ్చి కాబోయే భార్యా అని పలకరిస్తే మొహాన ఐస్ కాఫీ కొట్టి పరిగెడుతుంది.

మా అమ్మ దగ్గర ఒక కట్ట ఉంది. సులోచనారాణి గారి సీరియల్ ఒకటి, వారం వారం పత్రికలోంచి పేజీలు చింపి, గోనెసంచి కుట్టే దబ్బనంతో పక్కన కన్నాలు పెట్టి, పురికొసతో కుట్టింది, పెళ్ళికి ముందు. కాగితం పసుపు తిరిగిపోయింది, పేజీ వెనక సబ్బుల ప్రకటనలు, అక్కడక్కడా బొగ్గు మసి వేలిముద్రలు. దానికి చివరి రెండు వారాల పేజీలు లేవు, అప్పట్లో ఎవరో చదివి ఇచ్చేస్తామని పట్టుకెళ్ళి తేలేదట. నాన్న పోయాక అమ్మ మధ్యాహ్నాలు ఆ కట్ట విప్పి చదవడం మొదలుపెట్టింది, పేజీలు విరక్కుండా ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, మెల్లగా. చివరి పేజీలు నెట్లో ఎక్కడైనా దొరుకుతాయేమో చూడనా అని అడిగా. "ఎందుకే, కలుస్తారుగా" అంది, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదటి పేజీ తీసింది.