సోమవారం కడుపునొప్పికి సిరప్పు లేదు

తిరుపతిలో పిల్లల డాక్టర్లు వరసగా ఉండే ఒక వీధిలో మాకు మెడికల్ షాపు ఉంది. జూన్‌లో బళ్ళు తెరిచిన కొత్తల్లో, దసరా సెలవులైన మర్నాడు, సంక్రాంతి అయిన మర్నాడు, ఇంకా ఏ మామూలు సోమవారమైనా సరే, పొద్దున ఎనిమిది దాటగానే ఒక రకం బేరం వస్తుంది. బండి స్టాండు కూడా వేయకుండా నాన్న అడుగుతాడు: "అన్నా, పిల్లోడికి కడుపునొప్పంట, ఏదన్నా సిరప్పు ఇయ్యి." వెనక సీట్లో యూనిఫాంలో పిల్లోడు. టై ఉంటుంది, బెల్టు ఉంటుంది, ఒక షూకి లేసు కట్టి ఉండదు. వాడు సిరప్పు వైపు చూడడు, రోడ్డు మీద పోయే స్కూలు బస్సుల వైపు చూస్తుంటాడు.

ఆ నాన్న గొంతు తగ్గించి అడిగే రెండో మాట, "నాటకమేనంటావా?"

నాటకం కాదండీ. నొప్పి నిజం. భయం పట్టుకుంటే కడుపు తిప్పుతుంది, వాంతి వస్తుంది, తల పగిలిపోతుంది. మెదడుకీ పేగులకీ నరాల సంబంధం ఉంది, పిల్లోడు కావాలని చేసేది ఏమీ లేదు. అలాగని అన్నీ భయమే అనుకోవడానికీ లేదు. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గిపోవడం, విరేచనంలో రక్తం, వదలని జ్వరం ఉంటే ముందు డాక్టరు చూడాల్సిందే. అవేవీ లేకుండా శనివారం మాయమై, ఆదివారం చీకటి పడగానే మొదలయ్యే నొప్పి గురించే నా గోల.

బడి ఎగ్గొట్టి కపిలతీర్థం దగ్గర తిరిగేవాడు వేరు, వీడు వేరు. ఆ ఎగ్గొట్టేవాడి సంగతి ఇంట్లో తెలియదు. వీడు ఇంట్లోనే ఉంటాడు, పోలేనని అమ్మ కాళ్ళు పట్టుకుని చెబుతాడు. దీన్ని డాక్టర్లు స్కూల్ రెఫ్యూజల్ అంటారు. ఇది జబ్బు పేరు కాదు, జ్వరం లాంటి లక్షణం. వెనకాల ఏముందో వెతకాలి. అమ్మను వదిలి ఉండలేని భయం, నలుగురిలో నవ్వులపాలవుతానన్న భయం, డిప్రెషన్, తోటి పిల్లల వేధింపు, సార్ చేతి బెత్తం, ఏదైనా కావచ్చు. ఒకటో తరగతిలో చేరినప్పుడు, ఆరో తరగతికి బడి మారినప్పుడు, ఇంటర్‌కి హాస్టల్లో వేసినప్పుడు ఇది ఎక్కువగా బయటపడుతుంది.

మనం వెతకం. దిష్టి తీస్తాం, తాయెత్తు కడతాం, రెండు తగిలిస్తాం. మా ఎరుకలో చిత్తూరు వైపు ఒక కుటుంబం తొమ్మిదో తరగతి పిల్లోడిని కాణిపాకం తీసుకుపోయి, రేపటి నుంచి బడికి పోతానని వినాయకుడి ముందు ప్రమాణం చేయించారు. అప్పులు ఎగ్గొట్టినవాళ్ళు, మాట తప్పినవాళ్ళు ప్రమాణం చేసే చోట పదమూడేళ్ళ పిల్లోడిని నిలబెట్టారు. వాడు పాపం మర్నాడు పోయాడు, ఆ మర్నాడు పోలేకపోయాడు. అంతకుముందు వాడికి బడి ఒక్కటే భయం. ఇప్పుడు దేవుడు కళ్ళు పోగొడతాడని ఇంకో భయం. ఇంతా చేస్తే వాడి సమస్య ఇంగ్లీషులో పాఠం పైకి చదవడం. పల్లెలో ఐదు దాకా తెలుగు మీడియం చదివి, టౌనుకొచ్చి చేరాడు. లేపి చదవమంటే క్లాసంతా నవ్వేది.

ఇంకో అమ్మాయి, ఎనిమిదో తరగతి, చక్కగా చదివే పిల్ల, ఉన్నట్టుండి బడి మానేసింది. ఇంట్లో వాళ్ళు ప్రేమ వ్యవహారమని ఫోను లాక్కున్నారు. చివరికి వాళ్ళ అవ్వ పక్కన పడుకుని మెల్లగా అడిగితే తేలిందేమంటే, బడిలో ఆడపిల్లల బాత్రూం తలుపుకి గడియ లేదు. నెలసరి రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు ముట్టకుండా కూర్చునేది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఒక గడియ! దానికోసం ఆ పిల్ల చేత ఎన్ని ఒట్లు వేయించుకున్నారో.

అడిగే పద్ధతి కూడా ఒకటుంది. "ఎందుకు పోవు, చెప్పు!" అని ఎదురుగా కూర్చోబెట్టి గద్దిస్తే ఏ పిల్లా చెప్పదు. బండి మీద పోతూ అడగండి, చిక్కుడుకాయలు వలుస్తూ అడగండి. ఏ పీరియడ్ అంటే కష్టం, మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తింటావు, బస్సులో ఎవరుంటారు, ఇలా చిన్న చిన్నవి. ఎవరైనా తాకారని, కొట్టారని చెబితే మాత్రం సర్దిచెప్పే పని లేదు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. బడిలో కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. "సార్ కొట్టేది నీ మంచికేరా" అనే తండ్రులు ఈ లైను రెండుసార్లు చదవండి.

సరే, భయపడుతున్నాడు కదా అని ఇంట్లో ఉంచేసుకుంటే? అది ఇంకో తప్పు. ఒకరోజు మానితే ప్రాణం హాయిగా ఉంటుంది, ఆ హాయి రుచి మరిగాక రేపు గడప దాటడం ఇంకా కష్టమవుతుంది. వారాలు గడిస్తే నోట్సు పోతుంది, స్నేహితులు పోతారు, "ఇన్నాళ్ళూ ఏమైపోయావు" అనే ప్రశ్నకి జవాబు చెప్పుకోవాల్సిన భయం కొత్తగా చేరుతుంది. కాబట్టి ఇంట్లో ఉన్నా పొద్దున మామూలు టైముకే లేవాలి, బడి వేళల్లో ఫోనూ టీవీ ఉండకూడదు. తిట్టొద్దు, అలాగని పండగా చేయొద్దు. ఇక తిరిగి పంపడం మెట్లు మెట్లుగా. మొదట గేటు దాకా పోయి రావడం, తర్వాత నచ్చిన ఒక్క పీరియడ్, తర్వాత మధ్యాహ్నం భోజనం దాకా, ఆ తర్వాత పూర్తి రోజు. పిల్లల మానసిక వైద్యులు ఎవరైనా చెప్పేది దాదాపు ఇదే.

అసలు నాకు మండేది ఇక్కడే. ఆ ఒక్క పీరియడ్‌కి రానిచ్చే బడి ఏది? "లేటుగా వస్తే గేటు వేసేస్తాం." "హాఫ్ డే పర్మిషన్ లేదండి, మిగతా పిల్లలు చెడిపోతారు." "రెగ్యులర్‌గా పంపండి, లేదంటే టీసీ తీసుకోండి." ఇంట్లో తల్లి నెల రోజులు బతిమాలి, పిల్లోడు వణుకుతూ గేటు దాకా వస్తే, పది నిమిషాలు ఆలస్యమని ఎండలో నిలబెడతారు. అయిపోయింది, తల్లి కష్టమంతా మళ్ళీ మొదటికే. సర్కారు వైపు చూస్తే హాజరు శాతం లెక్క. పిల్లల్ని బడికి పంపే తల్లులకి సర్కారు డబ్బులిచ్చే అమ్మఒడి పథకం 2020 జనవరిలో మన చిత్తూరులోనే మొదలైంది, ఇప్పుడు దాని చోట తల్లికి వందనం. డబ్బులకి 75 శాతం హాజరు షరతు. షరతు ఉండనీయండి, అది పిల్లల్ని బడికి పంపడానికే. ఆ 75 అందుకోలేని పిల్ల ఎందుకు రాలేకపోతోందో ఇంటికొచ్చి అడిగే మనిషిని కూడా పెట్టాలి కదా!

కార్పొరేట్ హాస్టళ్ళది మరీ ఘోరం. మా అక్క కూతురు ఇంటర్ ఫస్టియర్‌లో దసరాకి ఇంటికొచ్చి, తిరిగి పోనని కూర్చుంది. "మామా, చదవనని కాదు, ఆ రూముకి పోలేను" అంది. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పదకొండుకి పడక, మార్కులు తగ్గితే కింది బ్యాచ్. కాలేజీకి ఫోన్ చేస్తే వాళ్ళు మొట్టమొదట చెప్పింది, ఫీజు వెనక్కి రాదని. ఆ పిల్ల ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. డే స్కాలర్‌గా వేరే కాలేజీలో చేర్చారు, ఇప్పుడు బస్సులో పోయి వస్తోంది. మా బావ ఇప్పటికీ పోయిన ఫీజు లెక్క చెబుతుంటాడు, అది వేరే సంగతి.

"మా కాలంలో ఇవన్నీ లేవబ్బా" అనేవాళ్ళు కామెంట్లలో తయారుగా ఉంటారని తెలుసు. ఉన్నాయి. అయ్యవారు నలుగురు పెద్ద పిల్లల్ని పంపితే కాళ్ళూ చేతులూ పట్టుకుని మోసుకొచ్చేవాళ్ళు, కోదండం వేసేవాళ్ళు, అంటే తాడు పట్టించి పైనుంచి వేలాడదీసేవాళ్ళు. అలా మోసుకొచ్చిన వాళ్ళలో ఎంతమంది ఐదో తరగతితో ఆగిపోయి టెంకాయల మండీలో చేరారో మీ ఊళ్ళోనే అడిగి చూడండి.

రెండు మూడు వారాలు ప్రయత్నించినా కదలకపోతే మా తిరుపతి సర్కారు ఆసుపత్రి రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీ ముందు తెలిసినవాళ్ళు కనిపిస్తారని, పిల్లకి పిచ్చి అన్న పేరొస్తే పెళ్ళి కాదని జంకే వాళ్ళకి సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. అక్షరాలు తారుమారు చేసే, ఒత్తులు ఎప్పుడూ వదిలేసే పిల్లలైతే చదువుకి సంబంధించిన వైకల్యమేమో పరీక్ష చేయించండి. 2016 దివ్యాంగుల చట్టంలో అదీ ఉంది. తొందరగా తెలిస్తే ఆ పిల్లలకి మొద్దు అన్న పేరు తప్పుతుంది.

చివరిగా ఒక పని. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టాలంది. వచ్చే పేరెంట్స్ మీటింగులో ర్యాంకుల ఫ్లెక్సీ చూపించేటప్పుడు లేచి, మీ కౌన్సెలర్ ఏ రూములో కూర్చుంటారో చూపించమనండి. పీఈటీ సారే చూసుకుంటారండీ అంటే, ఆయన ఏం చదివారో కూడా అడగండి.