మహారాజశ్రీ ఓ, యూ, జీ, హెచ్ గార్లకు

మహారాజశ్రీ ఓ, యూ, జీ, హెచ్ గార్లకు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలమే. మా ఇంట్లో మాత్రం ఆదివారం మధ్యాహ్నమంతా తమ సేవలోనే తెల్లారింది. మా అమ్మాయి ఇంగ్లీషు డిక్టేషన్‌లో 'టఫ్'కి టీ, యూ, ఎఫ్ అని రాసుకొచ్చింది. చెవిన పడ్డది పడ్డట్టు రాసింది పాపం. టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేసి ఇంపోజిషన్ ఇచ్చారు. "ఇందులో ఎఫ్ ఎక్కడుందమ్మా?" అని అడిగింది. తమరే చెప్పండి, ఎక్కడుంది?

వాళ్లు నలుగురూ కలిస్తే 'అఫ్' అంటారులే అని సర్దిచెప్పాను. పేజీ తిప్పగానే 'త్రూ' తగిలింది. అందులోంచి ఆర్ తీసేస్తే 'దో' అట. దోలోంచి ముందున్న హెచ్ తీసేస్తే మళ్లీ టఫ్. దోకి చివర టీ తగిలిస్తే 'థాట్'. త్రూలో ఆర్‌కి ముందు ఇంకో ఓ ఇరికిస్తే 'థరో'. తమరు నలుగురూ అదే వరసలో నించునే ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. గొంతు మాత్రం పూటకొకటి! ఇంగ్లండులో లఫ్‌బరా అని ఒక ఊరుంది. ఆ పేరులో తమరు రెండుసార్లు దర్శనమిస్తారు. ముందు 'అఫ్', వెనక ఉత్త 'అ'. రెండు నాల్కల ధోరణి అని రాజకీయ నాయకుల్ని ఊరికే ఆడిపోసుకుంటున్నాం.

తమ జాతకం కూడా తీయించాను. జీ, హెచ్ గార్లకి ఒకప్పుడు నిజంగానే ఉద్యోగం ఉండేది. గొంతు గీరుకుంటూ వచ్చే 'ఖ్' లాంటి శబ్దం వారిది. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఆ తరవాత స్పెల్లింగులు మెల్లగా గడ్డకట్టుకుపోయాయి. జనం నోళ్లు ఊరుకుంటాయా? ఆ 'ఖ్'ని కొన్ని మాటల్లో మింగేశారు, కొన్నిట్లో 'ఫ్' చేసేశారు. ఐర్లండులో సరస్సుల పేర్లకు ముందు వచ్చే 'లాఖ్'లో మాత్రం తమరు పాత పని చేస్తున్నారు, సంతోషం. మిగతా చోట్ల వందల ఏళ్లుగా హాజరుపట్టీలో సంతకం, ఒకటో తారీకు జీతం.

మా అరసున్నని చూడండి. బండి ఱని చూడండి. పని తగ్గగానే గౌరవంగా పాత పుస్తకాల్లోకి తప్పుకున్నాయి. పిల్లల డిక్టేషన్ జోలికి రావు.

అమెరికావాళ్లు నయం, 'ప్లౌ'లో ఓ గారిని ఉంచి, మిగతా ముగ్గుర్నీ పీకేసి డబ్ల్యూ పెట్టుకున్నారు.

అన్నిటికంటే నాకు మండేది 'హికప్'. యూ, పీతో శుభ్రంగా, విన్నది విన్నట్టు రాసుకునే మాట అది. దగ్గుకి, అదే తమరు కొలువున్న 'కాఫ్'కి, చుట్టమేమో అనుకుని ఎవరో తమర్ని తెచ్చి దాని తోకకి కట్టారు. ఎక్కిళ్లకీ దగ్గుకీ ఏం సంబంధమయ్యా? వాళ్లు పిలిస్తే మాత్రం సిగ్గులేకుండా వెళ్లి కూర్చుంటారా? కూర్చుని 'అప్' అని ఇంకో కొత్త గొంతా? పసిపిల్లలతో ఆటలా?

ఇంగ్లీషులో అప్పు ('డెట్') మధ్య దూరిన బీ, దీవి ('ఐలండ్') మధ్య దూరిన ఎస్, వీళ్ల సంగతి ఇంకో ఉత్తరంలో చెప్తాను.

అయినా తమ మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేక చస్తున్నాను. చెట్టుకొమ్మని 'బౌ' అంటారు కదా, పాత ఇంగ్లీషులో దానికి భుజమనే అర్థం ఉందట. అది చెప్పగానే మా అమ్మాయి ఇంపోజిషన్ ఆపి, కిటికీలోంచి వేపచెట్టు వంక చూసి, "మరి చంకలేవి?" అంది. ఇప్పుడు పట్టణమనే 'బరో' ఒకప్పుడు కోట. 'ప్లౌ' నాగలి కాకముందు నేల కొలత. త్రూ, థరో ఒకే కడుపున పుట్టినవి. ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్లొస్తేనే క్షుణ్ణంగా చూసినట్టు మరి. ఇక 'చేసి తీరాలి' అనే 'ఆట్' ఉంది చూశారూ, దాని మూలానికి మొదటి అర్థం 'కలిగి ఉండటం'. తరవాత 'బాకీ పడటం' అయింది, ఆఖరికి 'విధి' అయి కూర్చుంది. ఇంటి లోను తీసుకున్న ఎవరినైనా అడగండి, ఇదే క్రమం చెప్తారు.

అంచేత తమర్ని ఊరు వదిలి పొమ్మనను. బౌ, బరో, థరో, ఆట్ అనుభవించండి. లాఖ్ ఎటూ తమదే. హికప్ మాత్రం వెంటనే ఖాళీ చేయండి. చేసేదాకా మా ఇంట్లో దాన్ని యూ, పీతోనే రాస్తాం. టీచరుగారితో నేను మాట్లాడుకుంటాను.

ఇట్లు,
నాలుగో తరగతి పిల్ల తల్లి