మూడ్ గారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ మూడ్ గారి సముఖానికి,

విశాఖపట్నంలో రాతలూ గీతలూ పెట్టుకుని, ‘మూడ్ వస్తేనే పని’ అంటూ ఇన్నాళ్లూ తమరి కోసం కాచుక్కూర్చున్న కొందరం రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరెక్కడుంటారో ఎవరికీ తెలియదు గనక తమరి క్షేమం అడగడం లేదు.

తమరి రాక కోసం ఈ ఊళ్లో జరిగే ఏర్పాట్లు చిన్నవేం కావు. కొత్త నోటుపుస్తకం, బీచ్ రోడ్డులో కెరటాలు కనబడే కాఫీ బల్ల, సాయంత్రం ఆరు గంటల ముహూర్తం. తీరా తమరు పూనాక పుట్టే కవితలో సూర్యుడు ఠంచనుగా సముద్రంలో మునుగుతాడు. అయ్యా, మనది తూర్పు తీరం! ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక దిగుతాడు. ఆ వేళకి నీళ్ల మీద చూడదగ్గది పౌర్ణమి చంద్రోదయం ఒక్కటే. మర్నాడు అది కూడా 50 నిమిషాలకు అటూఇటూగా ఆలస్యం. తమరి కథల్లో మే నెలలో మరపడవలు నిండా చేపలతో రేవుకు తిరిగొస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధమని తమరికెవరూ చెప్పినట్టు లేదు. ఆ పడవల మీద తిరిగే సీగల్ పిట్టలు చలికాలపు చుట్టాలు. ఎండాకాలంలో వాటిని ఎగరేసే అధికారం తమరికి ఎవరిచ్చారో మరి.

సి.వి. రామన్ గారి బడిచదువు ఈ ఊళ్లోనే సాగింది. 1921లో ఓడ మీద వెళ్తూ మధ్యధరా సముద్రపు నీలం చూసి ఆయనా ముగ్ధుడయ్యాడు. కాకపోతే తమరి కోసం ఎదురుచూడకుండా తళుకును వడగట్టే నికాల్ పట్టకం తీసి, నీటి మీద ఆకాశపు ప్రతిబింబాన్ని ఆర్పి చూశాడు. నీలం పోలేదు. ఆ పట్టుదలే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ కనుక్కునేదాకా వెళ్లింది.

ఈ పని ఎవరైనా చేయొచ్చు. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు కావాలి. కొనేముందు కాలిక్యులేటర్ తెర ముందు పట్టి తిప్పాలి. ఒక చోట తెర నల్లబడకపోతే అవి వట్టి నల్లద్దాలే. నీటి తళుకు ఆరడానికి సరైన కోణం నిట్టనిలువు నుంచి సుమారు 53 డిగ్రీలు. అంటే కళ్లు నీటి మట్టానికి మీటరున్నర ఎత్తున ఉంటే, పాదాలకు 2 మీటర్ల దూరంలోని నీళ్లను చూడాలి. మామూలుగా పట్టుకుంటే తళుకు ఆరి అడుగు కనబడుతుంది, పావు చుట్టు తిప్పితే తళుకు తిరిగొస్తుంది. విరిగే కెరటం మీద ఇది కుదరదు. నీటి ముఖం అటూఇటూ ఒరిగిపోతే కోణం ఎక్కడ నిలుస్తుంది? రాళ్ల మధ్య నిలిచిన గుంట కావాలి.

ఆ గుంటలు తెన్నేటి పార్కు కింద రాళ్లలో దొరుకుతాయి, పాటు వేళలో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు మాత్రమే. అమావాస్యకీ పౌర్ణమికీ నీరు బాగా వెనక్కి పోతుంది. ఒక పాటుకీ మరో పాటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. పాటుకు గంట ముందే దిగాలి, నీరు మళ్లగానే ఎక్కేయాలి. నాచు పట్టిన రాయి మీద కాలు పెట్టకూడదు, సముద్రానికి వీపు అసలే పెట్టకూడదు. తమరేమో పోటు మీదున్నప్పుడే వేంచేస్తారు, సెల్ఫీ బాగుంటుందని.

ఇసుకలో నల్లటి చారలు చూసి తమరి భక్తులు ‘కాటుక’ అని రాసి ఊరుకుంటారు. తేలికపాటి క్వార్ట్జ్ రేణువుల్ని కెరటం వెనక్కి లాక్కుపోగా మిగిలిన బరువు ఖనిజాలవి: ఇల్మెనైట్, గార్నెట్ వగైరా. బలమైన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి పొడి ఇసుక మీద నడిపితే నల్లరేణువులు లేచొస్తాయి. కవరు తీసేస్తే రాలిపోతాయి. చుట్టకుండా పెడితే మాత్రం వాటిని ఒలుచుకుంటూ కూర్చోవలసిందే. తడి ఇసుకైతే ముద్దగా అంటుకుని దేన్నీ వదలదు. ఆ చారల్లోని ఎర్రగింజ, అదే గార్నెట్, ఒకప్పుడు తూర్పు కనుమల ఖోండలైటు రాతిలో ఉండేది. కొండ అరిగి అరిగి కాళ్ల కిందికి వచ్చిందన్నమాట. ‘కాటుక’ కన్నా ఇది పెద్ద కవిత కాదూ?

బొమ్మలు వేసేవారి మీద తమరి ప్రతాపం ఇంకోరకం. వాళ్లకి రంగులన్నీ కావాలి, ఆకారాలన్నీ కావాలి. లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకలో ఆ సౌకర్యం లేదు. తిరిగే అంకుడు కర్రకి లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో అదిమితే మెరుపొస్తుంది. ఒత్తిడి చాలకపోతే వేడి పుట్టదు, లక్క మచ్చలుగా మిగులుతుంది. లేతు మీద ఏది చేసినా గుండ్రంగానే రావాలి, రాజుగారి పొట్టయినా సరే. వారం రోజులు గుండ్రని గీతలు తప్ప మరేవీ వాడకుండా మీ వీధిని గీయండని ఎవరికైనా చెబితే మొదట పారిపోయేది తమరే.

ఇక సాహిత్యం. కథకుడు రావిశాస్త్రి గారు ఈ ఊళ్లోనే వకీలుగా ఉండేవారు. కోర్టులో వినబడిన మనుషులు ఆయన కథల్లోకి వాళ్ల గొంతులతోనే నడిచొచ్చారు. పూర్ణా మార్కెట్లో పావుగంట నిలబడితే చాలు. మాట్లాడుకున్న విషయం రాసుకోవద్దు. పిలుపులూ క్రియల చివర్లూ మాత్రం విన్నది విన్నట్టు రాసుకోవాలి: ‘ఏటే’, ‘ఎల్లిపోనాది’, ‘ఉన్నాది’. ఇంటికెళ్లి రాద్దామనుకుంటే దారిలోనే అది పత్రిక భాషగా మారిపోతుంది. తెచ్చిందంతా ఒకే పేరాలో కుమ్మరిస్తే పాత్ర హాస్యనటుడై కూర్చుంటాడు. వాక్యానికి ఒకటి పడితే ఎక్కువ.

కాబట్టి తమరి కోసం వేసి ఉంచిన కుర్చీని తీసేస్తున్నాం. అందులో ఇప్పుడు పాటుపోట్ల పట్టిక, కళ్లద్దాలు, చిత్తుపుస్తకం ఉన్నాయి. తమరు రాదలిస్తే రావొచ్చు, అడ్డేం లేదు. అయస్కాంతం మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి. మాది ఎరువివ్వం.

ఇట్లు,
తమరి మాజీ భక్తులు,
విశాఖపట్నం