టీచరుకు అంతరిక్షం దారి ఉందా?

మొన్న ఆదివారం రాత్రి హనుమకొండలో మా ఇంటి డాబా మీద మొదలైన వాదన ఇది. అక్క లెక్కల టీచర్. నేను పరకాల దగ్గర ఒక హైస్కూల్లో సైన్స్ చెప్తాను. "టీచర్లు కూడా వ్యోమగాములయ్యారు, మీరూ కావచ్చు" అని ఎనిమిదో తరగతిలో చెప్పానని తెలిసి అక్క ఊరుకోలేదు.

అక్క: పిల్లలకు లేనిపోని ఆశలు ఎందుకు పెడతావు తమ్మీ? మన దేశం మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వాయుసేన టెస్ట్ పైలట్లే. అందులో టీచర్ ఒక్కరైనా ఉన్నారా?

నేను: మన దగ్గర ఇంకా లేరు, ఒప్పుకుంటా. అమెరికాలో ఉన్నారు. డొరొతీ మెట్‌కాఫ్ లిండెన్‌బర్గర్ అక్కడి హైస్కూల్లో భూవిజ్ఞానం, ఖగోళం పాఠాలు చెప్పేది. అంతరిక్షంలో బాత్రూంకు ఎట్లా వెళ్తారని క్లాసులో ఎవరో అడిగారు. మనమైతే "కూర్చో" అంటాం. ఆమె జవాబు కోసం నాసా వెబ్‌సైట్ తెరిచింది. టీచర్లను వ్యోమగాములుగా తీసుకుంటామన్న ప్రకటన అక్కడే కనపడింది. 2004లో ఎంపికైంది, 2010 ఏప్రిల్‌లో డిస్కవరీ అనే అంతరిక్ష నౌకలో వెళ్లొచ్చింది.

అక్క: మధ్యలో ఆరేళ్లు! బడి వదిలేసి శిక్షణలో చేరాకే కదా. అప్పుడామె టీచర్ ఎట్లా అవుతుంది? సరే, క్రిస్టా మెకాలిఫ్ సంగతి కూడా చెప్పావా పిల్లలకు? అంతరిక్షానికి వెళ్లే టీచర్ కోసం 11 వేల మందికి పైగా దరఖాస్తు పెడితే ఆ సోషల్ టీచర్‌ను ఎంచుకున్నారు. 1986 జనవరి 28న ఆమె ఎక్కిన చాలెంజర్ నౌక లేచిన 73 సెకన్లకే ముక్కలైంది. చలికి నౌకను పైకి నెట్టే బూస్టర్ రాకెట్‌లోని రబ్బరు రింగు బిరుసెక్కి వేడి వాయువును ఆపలేకపోయింది. ఇంజనీర్లు ముందురోజు రాత్రే వద్దన్నారు. బళ్లలో టీవీల ముందు కూర్చున్న పిల్లలు అది కళ్లారా చూశారు తమ్మీ.

దీనికి నాకు వెంటనే మాట రాలేదు. ఆ పిల్లల స్థానంలో నా క్లాసును ఊహించుకుంటే గుండె బరువెక్కింది.

నేను: చెప్పలేదక్కా. చెప్పాల్సింది, చెప్తాను. కానీ కథ అక్కడ ఆగలేదు. క్రిస్టాకు బదులుగా సిద్ధం చేసిన బార్బరా మోర్గన్ మళ్లీ బడికి వెళ్లి పాఠాలు చెప్పుకుంది. 1998లో నాసా పూర్తిస్థాయి వ్యోమగామిగా తీసుకుంది. 2007 ఆగస్టులో ఎండీవర్ నౌక ఎక్కింది. మొదటిసారి ఎంపికయ్యాక 22 ఏళ్లు! క్రిస్టా చెప్పాలనుకున్న పాఠాల్లో కొన్నింటిని 2018లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చేసి చూపించారు. చేసింది రికీ ఆర్నాల్డ్, ఒకప్పటి సైన్స్ టీచరే. బడి వదిలినా పాఠం వదల్లేదు చూడు.

అక్క: అది బాగుంది. అయినా మన పిల్లలకు దారి చెప్పకుండా గమ్యం చెప్తే టెన్షనే మిగులుతుంది. ఏ డిగ్రీ కావాలి, ఎన్నేళ్లు పడుతుంది, అన్నీ చెప్పు. అసలు ఈ ముచ్చట ఎట్లా మొదలైంది?

నేను: ఒక అమ్మాయి లేచి, అంతరిక్షంలో ఏడిస్తే కన్నీళ్లు కారుతాయా సార్ అంది.

అక్క: ఏం చెప్పావు?

నేను: కారవు, కంటి మీదే ముద్దలా నిలుస్తాయని చెప్పాను. మరి తుడుచుకోవడం ఎట్లా అని వెంటనే ఇంకో ప్రశ్న. బెల్లు కొట్టేశారు. రేపు మొదటి పీరియడ్‌లో చెప్పాలి.