ఇంటి మలాముకు నీటి గండం

చలికాలం మొదలైందంటే చాలు, పాదాల పగుళ్ళకూ పెదవుల పగుళ్ళకూ ఇంట్లోనే మలాము చేసుకోమంటూ వీడియోలు వెల్లువెత్తుతాయి. కొబ్బరినూనె, తేనెమైనం, కలబంద గుజ్జు, రోజ్‌వాటర్, చిటికెడు పసుపు కలిపి సీసాకెత్తుకుంటే నెలల తరబడి వాడుకోవచ్చన్నది వాటిలో తరచూ వినిపించే మాట. ఇందులోని ప్రతి సరుకూ మన పెద్దలు ఎరిగినదే కావచ్చు కానీ, వాటన్నిటినీ ఒకే సీసాలో చేర్చి నిలవ ఉంచమని మాత్రం ఏ సంప్రదాయమూ చెప్పలేదు.

పాత పద్ధతిలో తడి సరుకుకూ నిలవ సరుకుకూ మధ్య గీత స్పష్టంగా ఉండేది. సున్నిపిండి డబ్బాలో పొడిగానే ఉండి, స్నానానికి ముందు మాత్రమే తడిసేది. గంధాన్ని ఎప్పటికప్పుడు సానమీద అరగదీసేవారు. ఆకుపసరును నూనెలో కాచి నిలవ చేయవలసి వస్తే, నీరంతా ఇగిరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఆయుర్వేదం ఒక పరీక్ష పెట్టింది. నూనెలో ఉడికిన ముద్దను కాస్త తీసి, వేళ్ళ మధ్య వత్తిలా నలిపి నిప్పులో వేస్తారు. చిటపటమంటే ఇంకా తడి ఉన్నట్టు, చప్పుడు లేకుండా కాలితే తైలం పాకానికి వచ్చినట్టు. సూక్ష్మజీవుల ఊసే లేని రోజుల్లో కనిపెట్టిన ఈ ఉపాయాన్ని మించిన నాణ్యతా పరీక్ష మన వంటింట్లో ఇప్పటికీ లేదు.

కలబంద గుజ్జులో దాదాపు అంతా నీరే. అది నూనెలో కరగదు. గిలక్కొడితే కలిసినట్టు కనిపించినా, కొన్నాళ్ళకు విడిపోయి బూజుకూ బాక్టీరియాకూ నెలవవుతుంది. బజారు క్రీముల్లో మనం భయపడే నిలవ రసాయనాలు ఉండేది ప్రధానంగా ఆ నీటి కోసమే. కనుక నీరు పోసి, నిలవ రసాయనం వద్దనుకుని, నెలలపాటు దాచుకోవడం మూడూ ఒకచోట కుదిరే పని కాదు. నేతిని నీళ్ళతో నూరుసార్లు కడిగి చేసే శతధౌత ఘృతంలో తడి ఉంటుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, అందుకే దాన్ని కొద్దికొద్దిగా చేసుకుని త్వరగా వాడుకోవడం మంచిది.

ఇంట్లో చేయదగినది చాలా సాదా మలాము. ఆయుర్వేదంలోని సిక్థతైలం కూడా అదే: ఒక వంతు తేనెమైనానికి ఐదారు వంతుల నువ్వులనూనె. మైనం 62 నుంచి 65 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి, నేరుగా మంటమీద కాకుండా వేడినీళ్ళ గిన్నెలో పొడి గిన్నె ఉంచి కరిగించాలి. ఆవిరి నీరు లోపల పడకుండా చూసుకోవాలి. చల్లని చెంచా మీద ఒక చుక్క వేసి చూస్తే గట్టిదనం తెలిసిపోతుంది. నువ్వులనూనెకు బదులు కొబ్బరినూనె వాడితే, అది 24 డిగ్రీలకే కరుగుతుంది గనుక, మన ఎండాకాలంలో మైనం కాస్త పెంచక తప్పదు. బజారులో మైనమని ఇచ్చేది చాలాసార్లు కొవ్వొత్తుల పారఫిన్. తేనె వాసన రాకపోతే అనుమానించవలసిందే.

ఇక నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లమచ్చలు పడవచ్చు. కర్పూరం కలిపిన మలామును పసిపిల్లల దరిదాపులకు రానివ్వకూడదు. కడుపులోకి పోతే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఏ మలామునైనా ముందు మోచేతి మడతలో రాసి, ఒకటి రెండు రోజులు చూడడం మేలు.

సొంతానికి చేసుకోవడం వేరు, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మడం వేరు. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం అమ్మకానికి తయారుచేసేవారికి లైసెన్సు ఉండాలి. లేబులు మీద ఏమేం కలిపారో, ఎప్పటిలోగా వాడాలో రాయాలి. "పూర్తిగా సహజం" అన్న రెండు మాటలతో సరిపెట్టే సీసాలో కలబంద కూడా ఉందని తెలిస్తే, అది ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో, ఆ సంగతి ఎలా తేల్చారో అమ్మేవారిని అడిగే హక్కు కొనేవారికి ఉంది.