మెత్తటి టిప్ వేయించినంత మాత్రాన బంతి తిరగదు

స్నూకర్, పూల్ ఆడేవాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది. నాకు ఈ ఏడాదిలోనే నాలుగుసార్లు వచ్చింది. సారాంశం ఇది (క్యూ అంటే ఆడే కర్ర, టిప్ అంటే దాని కొసన ఉండే తోలు బిళ్ల, చాక్ అంటే టిప్‌కి రాసే పొడి ముక్క, వైట్ బాల్ అంటే క్యూతో కొట్టే బంతి, బ్రేక్ అంటే ఆట మొదలుపెట్టే దెబ్బ, క్లాత్ అంటే టేబుల్ మీద పరిచిన గుడ్డ): "బంతి తిరగడం లేదా? తప్పు మీది కాదు, మీ క్యూది. మెత్తటి టిప్ వేయించండి, అది వైట్ బాల్‌ని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. బరువైన క్యూ కొనండి, బ్రేక్ పేలిపోతుంది. చాక్ ఎంత పట్టిస్తే స్పిన్ అంత. కొనేముందు క్యూని టేబుల్ మీద దొర్లించి వంకర చూసుకోండి. వారానికోసారి క్లాత్‌ని తడిగుడ్డతో తుడవండి. బంతులకు కారు పాలిష్ పెట్టండి, కొత్తవాటిలా పరిగెడతాయి. టిప్‌ని గుండ్రంగా ఉంచుకోండి."

ఏడు సలహాల్లో ఆరు తప్పు. కొన్ని డబ్బు దండగ చేసేవి, కొన్ని టేబుల్‌ని పాడుచేసేవి. మొదటి రెండూ నమ్మి జేబు ఖాళీ చేసుకున్నవాణ్ణి కాబట్టి కాస్త కోపంగానే రాస్తున్నాను.

ముందు టిప్ సంగతి. వైట్ బాల్‌కి టిప్ తగిలి ఉండేది సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు. మనం ఒకసారి రెప్ప వేసేలోపు అలాంటి దెబ్బలు వంద అయిపోతాయి. మెత్తటి టిప్ ఇంకాస్త ఎక్కువసేపు అంటిపెట్టుకుంటుందన్నది నిజమే కానీ, ఆ తేడా కూడా ఆ వెయ్యో వంతులో చిన్న ముక్కే. ఎంత వేగానికి ఎంత స్పిన్ అనేది ఆ సమయాన్ని బట్టి ఉండదు. బంతి నడిమధ్య నుంచి టిప్ ఎంత దూరంలో తగిలిందన్నదే దాన్ని తేలుస్తుంది. మధ్య నుంచి ఎంత పక్కకి వెళితే అంత స్పిన్.

దానికీ ఒక హద్దుంది. బంతి వ్యాసార్ధంలో సుమారు సగం దాటితే టిప్ జారిపోయి మిస్‌క్యూ అవుతుంది. పూల్ బంతి వ్యాసం 57.15 మి.మీ. కాబట్టి ఆ హద్దు మధ్య నుంచి దాదాపు 14 మి.మీ. స్నూకర్ బంతి 52.5 మి.మీ., దానికి 13 మి.మీ. ఆట అంతా ఆ చిన్న వలయంలోనే. టిప్ మెత్తగా ఉన్నా గట్టిగా ఉన్నా వలయం పెద్దగా మారదు.

అనుమానం ఉంటే ఒక చారల బంతిని వైట్ బాల్‌గా పెట్టుకుని ఆడి చూడండి. చార అడ్డంగా ఉండేలా పెట్టండి. దాని పై అంచు, కింది అంచు ఆ హద్దుకి దగ్గర్లోనే ఉంటాయి. క్యూకి చాక్ పట్టించి, స్క్రూ బ్యాక్ (వైట్ బాల్ ఎదుటి బంతిని తాకి వెనక్కి రావడం) కోసం మీరు వీలైనంత కింద కొట్టాననుకున్న దెబ్బ ఒకటి కొట్టి, బంతి తీసి చాక్ మచ్చ ఎక్కడ పడిందో చూడండి. నేను మొదటిసారి చూసినప్పుడు సిగ్గేసింది. చార అంచు దాకా దిగానని అనుకున్నాను, మచ్చ దాదాపు మధ్యలో ఉంది. భయంతో చెయ్యి ఆఖరి క్షణంలో పైకి లేస్తోంది. దానికి ముందు నేను మూడు రకాల టిప్‌లు మార్చాను!

మెత్తటి టిప్ పనికిరాదని కాదు. చాక్ బాగా నిలుస్తుంది, చప్పుడు తక్కువ, చేతికి హాయిగా ఉంటుంది. అలవాటైనవాళ్లు హాయిగా వాడుకోవచ్చు. కాకపోతే త్వరగా అణిగి అంచులు పుట్టగొడుగులా బయటికి పొంగుతాయి, మాటిమాటికీ చెక్కుకోవాలి. గట్టి టిప్ దెబ్బలో శక్తిని తక్కువ పోగొడుతుంది. అందుకే బ్రేక్ క్యూలకి, బంతిని ఎగిరించే జంప్ క్యూలకి ఫినాలిక్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) లాంటి గట్టి టిప్ వేస్తారు.

బరువైన క్యూ, పేలిపోయే బ్రేక్. ఇక్కడ చిన్న లెక్క చాలు. వైట్ బాల్ 6 ఔన్సులు అనుకుందాం, క్యూ 19 ఔన్సులు. దాన్ని 21 ఔన్సులు చేస్తే, చెయ్యి వేగం ఏమాత్రం తగ్గకపోతేనే, వైట్ బాల్ వేగం పెరిగేది 2 శాతం పైచిలుకు. అంటే క్యూ బరువు పదో వంతు పెంచితే దక్కేది అంతే. కానీ బరువు పెరిగితే చెయ్యి వేగం తగ్గడం సహజం. ఆ రెండు శాతం అక్కడే ఆవిరైపోతుంది. బ్రేక్‌కి కావలసింది చెయ్యి వేగం, ముందున్న బంతిని నిండుగా తాకడం. నేను కొన్న బరువైన క్యూ ఇప్పుడు మా ఇంట్లో అటక మీద సాలీళ్లని తరమడానికి పనికొస్తోంది.

ఖరీదైన క్యూ వల్ల నిజంగా తేడా వచ్చే చోటు ఒకటుంది. దాని గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. సైడ్ పెట్టి, అంటే బంతి మధ్య నుంచి కుడికో ఎడమకో జరిపి కొట్టినప్పుడు వైట్ బాల్ మనం గురిపెట్టిన గీత మీద పోదు, కాస్త రెండోవైపుకి తప్పుకుంటుంది. కుడి సైడ్ పెడితే ఎడమకి. క్యూ ముందు కొస ఎంత బరువుంటే ఈ తప్పుకోవడం అంత ఎక్కువ. కార్బన్ ఫైబర్ షాఫ్టులు (క్యూ ముందు భాగాలు), లోపల బోలుగా చేసిన చెక్క షాఫ్టులు ఆ కొస బరువు తగ్గించడానికే. ఇది గురిని మారుస్తుంది, స్పిన్‌ని కాదు. ఏళ్ల తరబడి ఒకే క్యూతో ఆడినవాడి కన్ను ఆ తప్పుకోవడాన్ని లెక్కలోకి తీసుకోవడం ఎప్పుడో నేర్చేసుకుని ఉంటుంది. 1958లో కలకత్తాలో మన దేశపు విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచిననాటికి ఇవేవీ లేవు.

చాక్ విషయం. మనం చాక్ అంటున్నది బడిలో బోర్డు మీద రాసే సుద్ద కాదు. 1897లో అమెరికాలో విలియం స్పింక్స్, విలియం హాస్కిన్స్ పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి అందులో గరుకు పొడి కలుస్తోంది. దాని పని ఒక్కటే, టిప్ జారకుండా ఆపడం. జారనప్పుడు ఇంకాస్త పట్టిస్తే వచ్చేదేమీ లేదు. పైగా అదనంగా పట్టించింది బంతి మీదికి, అక్కణ్ణుంచి క్లాత్ మీదికి చేరుతుంది. రెండు బంతులు తాకే చోట ఒక రేణువు ఇరుక్కుంటే 'కిక్' అవుతుంది, బంతిని పాకెట్‌లో వేసే సులువైన దెబ్బ (పాట్) కూడా తప్పుతుంది. ప్రతి దెబ్బకి ముందు రంగు వేసే బ్రష్‌లా రెండుసార్లు తేలిగ్గా రాస్తే చాలు. కొందరు చాక్ ముక్కలో బావి తవ్వినట్టు గిరగిరా తిప్పుతారు, దానివల్ల అంచుకి చాక్ సరిగ్గా అందదు. మిస్‌క్యూలు అయ్యేది అంచుతోనే కదా.

దొర్లించి చూడటం గురించి రెండు మాటలు. చాలా స్నూకర్ క్యూలకి వెనక కొసన ఒకవైపు చదునుగా చెక్కి ఉంటుంది. దొర్లిస్తే ఎంత తిన్ననిదైనా టకటకమంటుంది. ఒక కన్ను మూసి బాణం చూసినట్టు వెనక నుంచి ముందుకి చూడండి, అంతే.

ఇక తడిగుడ్డ. అన్నింటికంటే నష్టం చేసేది ఇదే, ఎందుకంటే పాడయ్యేది మీది కాదు, పదిమంది ఆడే టేబుల్. ఇందులో పొరపాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఊహించగలను. అమెరికా పూల్ వీడియోల్లో టేబుల్ మీద పరిచేది నూగు లేని క్లాత్. దానిమీద మరక పడితే గట్టిగా పిండిన గుడ్డతో పైపైన తుడిచినా ఏమీ కాదు. మన దగ్గర పార్లర్లలో ఉన్న 12 అడుగుల టేబుళ్లు ఇంగ్లీష్ పద్ధతివి. స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మధ్య. ఆ టేబుల్ మీది ఉన్ని క్లాత్‌కి నూగు ఉంటుంది, దానికో దిశ ఉంటుంది. బాక్ (ఆట మొదలుపెట్టే కొస) వైపు నుంచి బ్లాక్ స్పాట్ (నల్ల బంతి పెట్టే చోటు) వైపుకి. చేత్తో నిమిరి చూడండి, ఒకవైపు పిల్లి వీపులా నున్నగా, ఎదురు నిమిరితే గరుకుగా తగులుతుంది. మెల్లగా పోయే బంతి ఆ నూగుని బట్టి పక్కకి వాలుతుంది కూడా.

అలాంటి క్లాత్ మీద నీళ్లు పెడితే అందులో ఉన్న చాక్ పొడి బురదై నూగు మొదట్లోకి దిగి గట్టిపడుతుంది. తర్వాత ఏ బ్రష్‌కీ రాదు. చేయాల్సింది పొడి పని. ముందు బ్రష్, ఎప్పుడూ బాక్ నుంచి బ్లాక్ వైపుకే. తర్వాత ఇస్త్రీ, అదీ అదే దిశలో, మధ్యలో ఎక్కడా ఆపకుండా. నేను నేర్చుకున్న పార్లర్‌లో టేబుళ్లు చూసుకునే మార్కర్ అన్న ఇస్త్రీపెట్టెని ముందు పాత పేపర్ మీద పెట్టేవాడు. పేపర్ గోధుమరంగుకి తిరిగితే పెట్టె పక్కన పెట్టి చల్లారనిచ్చేవాడు. బ్రష్ చేయకుండా ఇస్త్రీకి దిగిన కుర్రాడిని ఒకసారి, "ఏరా, దుమ్ముకి కూడా ఇస్త్రీ చేస్తున్నావా?" అని ఆపేశాడు. వానాకాలంలో క్లాత్ తేమ పీల్చి బంతులు బరువుగా నడిచేటప్పుడు ఆయన రోజూ ఇస్త్రీ చేసేవాడు. నీళ్లు తెచ్చి క్లాత్ మీద పోయమనే మెసేజ్ ఆయన చూస్తే ఏమనేవాడో రాయలేను.

కారు పాలిష్ కథ నా కళ్లారా చూసిందే. మా ఊళ్లో ఒక పార్లర్‌లో బంతులకి అది పెట్టారు. రెండ్రోజులు అద్దాల్లా మెరిశాయి, అందరం మురిసిపోయాం. కానీ కట్ షాట్లు (బంతిని పక్కగా తాకి పాకెట్‌లోకి పంపే దెబ్బలు) ఒక్కటీ పడలేదు. మామూలుగా బంతి బంతిని తాకినప్పుడు రాపిడి వల్ల అవతలి బంతి కాస్త వైట్ బాల్ పోయే దిశకి లాగబడుతుంది. మన కన్ను దాన్ని కలుపుకునే గురి పెడుతుంది. పాలిష్ ఆ రాపిడిని తగ్గించేసింది, ప్రతి బంతీ సన్నగా తెగి పాకెట్ అంచుకి కొట్టుకుంది. వారం తిరిగేసరికి ఆ మైనం చాక్ పొడిని పట్టుకుని జిడ్డు కట్టింది. అప్పుడు మొదలయ్యాయి కిక్‌లు. ఇవి ఫినాలిక్ రెసిన్ బంతులు, గోరువెచ్చని నీళ్లు, కాస్త తేలిక సబ్బు, మెత్తటి పొడిగుడ్డ చాలు. పూర్తిగా ఆరాకే టేబుల్ మీద పెట్టండి.

మిగిలింది ఏడోది. టిప్ గుండ్రంగా ఉండాలన్న మాట నిజం. అంచుతో తాకేటప్పుడు టిప్ మీద వంపు ఉంటేనే తోలు నిండుగా అంటుకుంటుంది. అమెరికాలో పూల్ టిప్ వంపుకి నికెల్ నాణెం అంచుని కొలతగా పెట్టుకుంటారు, దాని వ్యాసం 21 మి.మీ. పైచిలుకు. మన దగ్గర ఈ మధ్య వస్తున్న చిన్న రూపాయి బిళ్ల దానికి దగ్గరగా సరిపోతుంది. టిప్‌ని పక్క నుంచి చూస్తూ బిళ్ల అంచుని దాని వెనక పట్టుకోండి. రెండు వంపులూ కలిస్తే చెక్కడం ఆపేయండి.