సాగర్ ఉండగా మాల్దీవులు దండగ

ఈ మధ్య ఎవరి వాట్సాప్ స్టేటస్ తెరిచినా అదే నీలం నీళ్లు, నీళ్ల మీద గుంజలు పాతి కట్టిన గుడిసె, గుడిసె ముందు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కొబ్బరిబోండంతో నిలబడ్డ మన మిర్యాలగూడ మనిషి. రైస్‌మిల్లు ఓనరు పోయాడంటే సరే, ఆయన సొమ్ము ఆయనిష్టం. నిన్నగాక మొన్న ఉద్యోగం వచ్చిన పిల్లలు కూడా క్రెడిట్ కార్డు గీకి మాల్దీవులు పోయొచ్చి, ఏడాది పొడుగునా కిస్తీలు కట్టుకుంటున్నారు. దక్షిణ తెలంగాణ కష్టార్జితం ఇట్లా హిందూ మహాసముద్రంలో కలిసిపోతుంటే చూస్తూ ఊరుకోలేక, ప్రజాహితం కోరి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు శాస్త్రం మాట్లాడుకుందాం. భూమధ్యరేఖకు పైన 23.5 డిగ్రీలు, కింద 23.5 డిగ్రీలు, ఈ నడుమ ఉన్నదంతా ఉష్ణమండలమే. మాలే 4 డిగ్రీల దగ్గర ఉంది, నాగార్జునసాగర్ జలాశయం నడుమ ద్వీపమైన మన నాగార్జునకొండ 16.5 దగ్గర ఉంది, ఇద్దరూ పాసే. చుట్టూ నీళ్లుండాలా, ఉన్నాయి, పైగా ఉప్పు లేనివి. ఎండ సంగతి అంటారా, మే నెల మిట్టమధ్యాహ్నం హాలియా బస్టాండులో నిలబడ్డవాడిని ఎవరినైనా అడగండి, సర్టిఫికెట్ రాసిస్తాడు. ఇంత లక్షణంగా ఉన్న ఉష్ణమండల ద్వీపాన్ని, అదీ నల్లగొండలో పొద్దున బయలుదేరితే రాత్రి అన్నం వేళకు ఇల్లు చేరే దూరంలో ఉన్నదాన్ని, మనం ఇన్నాళ్లూ 'ఊకె సాగర్ దాక పోయొచ్చినం' అని తేలిగ్గా తీసిపారేస్తున్నాం.

మాల్దీవులకు ద్వీపాలను ప్రకృతి ఇచ్చింది, అందులో వాళ్ల గొప్పేముంది? దుబాయ్ వాళ్లేమో 2001లో పని మొదలుపెట్టి, సముద్రంలో ఇసుక పోసి పామ్ జుమేరా అని ఒక ద్వీపం కట్టారు, ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. మనం అంతకు ఎన్నో ఏళ్ల ముందే, ఉన్న కొండ చుట్టూ నీళ్లు పోసి ద్వీపం చేసి చూపించాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యాంకు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు, ఈ సందులో లోయ మునిగింది, కొండ మిగిలింది. మునిగింది మామూలు లోయ కాదు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న చోటు, స్తూపాలు, విహారాలు, రాతిమెట్ల ప్రేక్షకశాల, కృష్ణ ఒడ్డున స్నానఘట్టాలు. నీళ్లు వచ్చేలోపు, 1954 నుంచి 1960 దాకా, పురావస్తు శాఖ వాళ్లు తవ్వగలిగినంత తవ్వి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ, ఒడ్డున అనుపుకీ ఎత్తుకొచ్చి మళ్లీ నిలబెట్టారు. (ఈ ఒక్క విషయంలో నాకు వెటకారం రావడం లేదు, అది నిజంగా పెద్ద పని.) మిగిలింది కిందే ఉంది. అంటే మనం టికెట్ కొని చూసేది ఒక రాజధాని పై అంతస్తు అన్నమాట. మాల్దీవుల్లో గది నీళ్ల మీద ఉంటే గొప్ప, మనకు పట్నమే నీళ్ల కింద ఉంది.

వీసా బాధ కూడా లేదు. తెలంగాణ ఒడ్డున లాంచీ ఎక్కి ఆంధ్రప్రదేశ్‌లో, పల్నాడు జిల్లాలో దిగుతాం, నడుమ రాష్ట్రం ఎక్కడ మారిందో లాంచీ నడిపే ఆయనకు కూడా పట్టదు. పట్టింపంతా డ్యాం మీదే. 2023 నవంబర్ 30న, తెలంగాణలో అసెంబ్లీ పోలింగ్ రోజు తెల్లారేసరికి, 26 గేట్ల డ్యాం మీద సరిగ్గా 13వ గేటు దగ్గర ముళ్లకంచె లేచింది, అటు వాళ్ల పోలీసులు, ఇటు మన పోలీసులు. కింద చేపలు మాత్రం తాము ఏ రాష్ట్రపు చేపలో తేల్చుకోకుండానే తిరుగుతున్నాయి.

ఇక యాత్రా విధానం. ఇది మా బావ దగ్గర నేర్చుకోవాలి. "పొద్దుగాల ఆరింటికి బండ్ల కూసోవాలె, ఒక్క నిమిషం ఆలస్యమైనా ఇడిచిపెట్టి పోత" అని ముందురోజు రాత్రి అందరినీ బెదిరించిన మనిషి, ఎనిమిదింటికి తువ్వాల చుట్టుకుని గడ్డం గీసుకుంటుంటాడు. అక్కయ్య అప్పటికే పులిహోర, పెరుగన్నం, కోడికూర డబ్బాలు సర్దేసి ఉంటుంది, ఎందుకంటే బయటి తిండి పడదు. బయలుదేరాక బావ సాగర్‌లో ఉన్న దోస్తుకు ఫోన్ కొడతాడు. "గేట్లు ఎత్తిండ్రా?" మా జిల్లా మనిషికి సాగర్‌లో ఉన్నవి రెండే రుతువులు, గేట్లు ఎత్తిన రుతువు, ఎత్తని రుతువు. ఎత్తలేదని తెలిస్తే సగం మంది మొహాలు అక్కడే వాడిపోతాయి, "మరి ఏం జూస్తం పోయి" అని వెనక సీట్లోంచి ఒక గొంతు. ద్వీపం ఉంది కదా అని నేనంటే ఎవరూ వినిపించుకోరు.

లాంచీ ఎప్పుడు కదులుతుందంటే, జనం నిండినప్పుడు. మీరు పది గంటలకు వచ్చారా, తొమ్మిదికే వచ్చారా అన్నది దానికి అనవసరం. ఎట్లాగో కదిలాక నారింజ రంగు లైఫ్ జాకెట్లు వేసుకోమంటారు, వేసుకుంటాం, ఫోటోలో పొట్ట కనిపిస్తోందని తీసేస్తాం, లాంచీ ఆయన అరుస్తాడు, మళ్లీ వేసుకుంటాం. కొండ దగ్గరపడే దాకా ఇదే పని. దిగేటప్పుడు ఒక మాట చెబుతారు చూడండి, అదే ఈ యాత్రకు ప్రాణం. "గంట టైం. హారన్ కొడితే వచ్చేయాలె."

ఇక అక్కడి నుంచి టెన్షన్. పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్ల చరిత్రకు గంట, అందులో మ్యూజియం దాకా నడక, చెట్టు కింద కోడికూర, బాత్రూం క్యూ కూడా కలిపి. మహాచైత్యాన్ని, అంటే ఇక్కడి పెద్ద బౌద్ధ స్తూపాన్ని, పూర్తి చేయించింది రాజు కాదు, ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి, శాసనంలో పేరుతో సహా ఉంది, కానీ ఆమెకు మా ఇంటివాళ్లు కేటాయించగలిగింది చెప్పులు విడిచి తొడుక్కునేంత సేపే. ఇక్కడ రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. అంతంత దూరాల సొమ్ము ఆ కాలంలో ఈ లోయ దాకా వచ్చింది, మనమేమో నల్లగొండ నుంచి వచ్చి వాచీ చూసుకుంటున్నాం. మ్యూజియంలో ఒక నమూనా ఉంటుంది, మునగకముందు లోయ ఎట్లా ఉండేదో చూపించేది. దాని ముందు ఒక తండ్రి, కొడుకు. పిల్లవాడు వేలు పెట్టి, "నాన్నా, మనమిప్పుడు యాడున్నం?" అన్నాడు. ఆయన ఆ మూల నుంచి ఈ మూలకు రెండుసార్లు వెతికి, వంగి చూసి, చివరికి మా బావను అడిగాడు: "అన్నా, ఇండ్ల డ్యాం యాడుందే?" బావ కూడా వంగాడు. ఇద్దరూ వెతుకుతుండగానే హారన్ మోగింది.

నీళ్ల సంగతి చెప్పకుండా వదిలితే తప్పవుతుంది. మాల్దీవుల పర్యాటకుడు చుట్టూ ఉన్న సముద్రాన్ని తాగలేడు పాపం. మన నీళ్లు తాగేవే, హైదరాబాద్ 2004 నుంచి తాగుతూనే ఉంది. ఇదే జిల్లాలో మర్రిగూడ వైపు ఊళ్లు మాత్రం దశాబ్దాల తరబడి బోరునీళ్లలో ఫ్లోరైడ్ తాగి నడుములు వంగిపోతుంటే, కృష్ణమ్మను చూడాలంటే మాలాగే బండి కట్టించుకుని రావాల్సిన పరిస్థితి, మిషన్ భగీరథ వచ్చేదాకా అంతే. సొంత జిల్లా నీళ్లను పర్యాటక స్థలంగా మార్చుకోవడం ఎంత గొప్ప ఆలోచనో మాల్దీవుల వాళ్లకు ఇప్పటికీ తట్టలేదు.

ఈత కొట్టొచ్చా అని మళ్లీ ఎవరో అడుగుతారు. దగ్గర్లోనే ఎత్తిపోతల జలపాతం, అక్కడ మొసళ్ల పెంపక కేంద్రం ఉన్నాయి, ఒకసారి చూసొచ్చి అప్పుడు అడగండి. రంగురంగుల చేపల్ని నీళ్లలో మునిగి చూడటం సంపన్నుల అలవాటు, మనం చేపను పెనం మీద చూస్తాం. సాగర్ రోడ్డు పక్కన వేపుడు బండి దగ్గర, తూకం పొలుసు తీయకముందా, తీశాకా అని మా బావ వాదించిన సేపట్లో మ్యూజియం మొత్తం ఇంకోసారి చూసి రావచ్చు.

ఆఖరుగా ఒక సమాచారం. మ్యూజియానికి శుక్రవారం సెలవు. మా బావలాంటి వాళ్లంతా శుక్రవారమే పెట్టుకోండి, గంటకు గంటా ఫోటోలకు మిగులుతుంది.